ఇల్లు – నీళ్ళ ట్యాంకు, వయా పోస్టాఫీసు

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో పగటిపూట కుక్కర్ ఒక్కసారి కూడా కూత వెయ్యలేదు. ఆవిడ వెయ్యనిస్తేగా! ఆవిరి బుసబుసలాడి, ఇదిగో ఇక కూస్తుందనగా ముందుగదిలోంచి పరుగున వచ్చి పొయ్యి కట్టేసేది. చేతిలో కత్తెర ఉన్నా, పెదాల మధ్య గుండుసూదులున్నా ఆ పరుగు తప్పేది కాదు. పక్కగదిలో, నల్ల కర్టెన్ వెనక, పగలంతా గుర్రుపెట్టి నిద్రపోయే మొగుడుండేవాడు మరి.

ఆయన రాత్రి బస్సు నడిపేవాడు. సాయంత్రం ఏడింటికి స్టీరింగు పట్టుకుంటే తెల్లారేసరికి నాలుగు వందల కిలోమీటర్ల అవతల తేలేవాడు. మర్నాడు రాత్రి అదే బస్సులో వెనక్కి. ఇల్లు చేరి, మొహం కడుక్కుని, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయేవాడు. ఆయన అవతలి ఊళ్ళో ఉన్న రోజున కూడా ఆవిడ కుక్కర్ దగ్గరి పరుగు మానేది కాదు, అలవాటు మరి. డిపోలో అందరూ ఆయన్ని ఎక్స్‌ప్రెస్ అని పిలిచేవారు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఊళ్ళో తిరిగే టౌను బస్సు డ్రైవర్లంటే కాస్త చిన్నచూపు కూడా ఉండేది, దాచడం ఎందుకు. "అదీ ఒక డ్రైవింగేనా? గేరు మార్చేలోపు స్టాపొచ్చేస్తుంది. పైగా ఆ లేత నీలం చొక్కా! ఐస్‌క్రీం అమ్మేవాడిలా," అనేవాడు తన ఖాకీ కాలరు సవరించుకుంటూ.

ఆవిడ బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. ఊళ్ళో సగం పిల్లల చొక్కాలూ నిక్కర్లూ గౌన్లూ ఆవిడ మిషను కిందనుంచి వచ్చినవే. అందుకే అందరికీ యూనిఫాం అక్క. చిక్కంతా ఇక్కడే వచ్చింది. వేసవొస్తే జనం ఊళ్ళు తిరుగుతారు కాబట్టి ఆయనకు ఊపిరాడదు. బళ్ళు తెరిచేలోపు బట్టలివ్వాలి కాబట్టి ఆవిడకు తల ఎత్తడానికుండదు. పెళ్ళయిన కొత్తలో "వచ్చే వేసవికి నిన్ను ఎటైనా తిప్పుతానోయ్" అన్నాడు. ఆ వచ్చే వేసవి పాతికసార్లు వచ్చి పోయింది. పెళ్ళప్పుడు కొన్న ఎర్ర సూట్‌కేసు అటక మీదే ఉండిపోయింది. అందులో ఆవిడ మిగులు గుడ్డలు దాచుకునేది.

తీరా ఆ ఏడాది లోకానికి జబ్బు చేసింది. బస్సులు ఆగాయి, బళ్ళు మూశారు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. దొరికాక చూసుకుంటే వెళ్ళడానికి చోటు లేదు! పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే బయట తిరగాలి. అదీ ఊరు పొలిమేర దాటకుండా, మూతికి గుడ్డ కట్టుకుని.

మొదటి వారం ఆయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తన ఇల్లు తనకే కొత్త. ఉప్పు ఎక్కడుంటుందో తెలియదు, ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో తెలియదు. పొద్దునపూట ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో కూడా తెలియదు పాపం. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి ఉండగా ఆవిడ ముందుగదిలోంచి దూసుకొచ్చి పొయ్యి మీదికి చెయ్యి చాపింది.

"ఎందుకోయ్ అలా పరుగెడతావ్?"

"కూత వేసేస్తుంది కదండీ."

"వేస్తే?"

నిజమే, వేస్తే ఏమవుతుంది? చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇద్దరూ కుక్కర్ ముందు, చుట్టాల కోసం స్టేషన్లో నిలబడ్డట్టు నిలబడ్డారు. అది ఒకసారి తుమ్మింది, ఒకసారి కదిలింది, ఆ తరవాత ఇల్లెగిరిపోయేలా కూత పెట్టింది. అంతే, ఆయన కుడికాలు దబ్బున నేలను తొక్కింది. బ్రేకు!

"ఆగిందాండీ?" అంది ఆవిడ.

ఇక చూడాలి ఆ నవ్వు. ఆవిడ గోడకు జారగిలబడి నేల మీద కూలబడింది. ఆయన స్టూలు పట్టుకుని వంగిపోయాడు. కాస్త తేరుకునేసరికి రెండో కూత వచ్చింది, కాలు మళ్ళీ తొక్కింది. పొట్టలు చెక్కలయ్యాయి. ఆ రోజు పప్పు మాడింది కానీ ఇద్దరూ వంక పెట్టకుండా తిన్నారు.

మర్నాడు నల్ల కర్టెన్ దించారు. రెండు మడతల మందపాటి గుడ్డతో ఆవిడే కుట్టింది దాన్ని, కూతురు పుట్టిన ఏడాది. అది పక్కకు పోగానే గదిలోకి ఎండ జొరబడింది. గోడ చూస్తే రెండు రంగులు. కర్టెన్ చాటున పాత పసుపు, మిగతాదంతా వెలిసిపోయిన తెలుపు. అటక మీద డబ్బా అడుగున మిగిలిన ఆకుపచ్చ రంగు దొరికితే ఆ గోడకు వేశారు. ముప్పావు గోడకు సరిపోయింది. "మిగతాది వచ్చే ఏడాది," అన్నాడాయన. పాతికేళ్ళుగా ఆయన నోట్లో అరిగిపోయిన మాట అదొక్కటే కాబట్టి ఆవిడ బ్రష్షుతో ఆయన ముక్కు మీద ఓ గీత గీసింది.

అక్కణ్ణుంచి మనవాడికి ఇంటి పిచ్చి పట్టింది. వంటింటి అలమర మొత్తం ఖాళీ చేసి, బస్సులో సామాను సర్దినట్టు సర్దాడు. బరువైనవి కింద, పగిలేవి మధ్యలో, దగ్గరి స్టాపులో దిగేవి గుమ్మం పక్కన. అంటే టీపొడీ పంచదారా అన్నమాట. ఆవిడ మిషనుకు నూనె పెట్టాడు. ఏళ్ళ తరబడి కీచుమంటున్న దొడ్డి తలుపు నోరు మూయించాడు. పాత బస్సుది గుండ్రటి అద్దమొకటి ఎక్కడో దాచుకున్నాడట, దాన్ని తెచ్చి పొయ్యి పైన గోడకు బిగించాడు.

"ఇదెందుకండీ ఇక్కడ?"

"వెనక ఎవరొస్తున్నారో తెలియకుండా ఇన్నేళ్ళూ ఎలా పని చేశావోయ్!"

వెనకనుంచి వచ్చేది ఆయనొక్కడే. రోజుకు ఓ ఇరవైసార్లు వచ్చేవాడు. మంచినీళ్ళకని ఒకసారి, ఇప్పుడే తాగానని చెప్పడానికి ఒకసారి. అద్దంలో ఆ మొహం కనపడగానే ఆవిడకు ఎందుకో చెంపలు వేడెక్కేవి. నలభై ఆరేళ్ళొచ్చాయి, కూతురికి పెళ్ళి చేసి పంపింది, ఇదేం చోద్యం! పొద్దున రేడియోలో పోయినవాళ్ళ లెక్క చదువుతుంటే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునేది. అరగంట తిరక్కుండానే ఆయన ఏదో అంటే పకపకా నవ్వేది. నవ్వాక సిగ్గుపడేది. లోకం ఏడుస్తుంటే నాకీ సంతోషమేమిటి అని తనను తాను తిట్టుకునేది. ఆ తిట్టు మధ్యాహ్నం దాకా కూడా నిలిచేది కాదు.

చేతులు ఊరుకోక సూట్‌కేసులోని మిగులు గుడ్డలతో మాస్కులు కుట్టి వీధిలో పంచింది. అవన్నీ యూనిఫాం గుడ్డలాయె. దాంతో వీధి వీధంతా మళ్ళీ బళ్ళో చేరింది. బట్టతల ప్లీడరుగారు ఆకుపచ్చ గళ్ళ బడి, పాలవాడు ఎర్ర చారల బడి. ఎదురింటి వదిన మెరూన్ బడి. ఈ వదినే ఒకరోజు గోడమీదుగా అడిగింది, "ఏం వదినా, అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాడు, హనీమూనా?" అని. సిగ్గేసి, ఏదో ఒకటి అనాలి కదా అని ఆవిడ, "ఏం హనీమూనమ్మా! ఇరవై నాలుగ్గంటలూ మొగుడు ఇంట్లో ఉంటే మీరంతా ఎలా వేగుతున్నారో గానీ, నా తలప్రాణం తోకకొస్తోంది," అనేసింది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన అరుగు మీద చెప్పులు తుడుచుకుంటున్నాడు. ఆవిడ గమనించలేదు.

ఇల్లు సర్దడం అయ్యాక ఆయనకు పాత మాట గుర్తొచ్చింది. "తిప్పుతానన్నాను కదా నిన్ను. పద," అన్నాడు. బొగ్గుముక్కతో వంటింటి తలుపు మీద రాశాడు: సర్వీసు నంబరు ఒకటి. ఇల్లు – నీళ్ళ ట్యాంకు, వయా పోస్టాఫీసు. బయల్దేరు సమయం ఆరూ ఐదు. టీ కోసం పది నిమిషాలు ఆగును.

స్కూటరు తీశాడు. అది వాళ్ళ పెళ్ళినాటిది. పన్నెండు తన్నులు తంతే గానీ స్టార్టయ్యేది కాదు, అందుకని మధ్యలో ఎక్కడ ఆగినా ఇంజను ఆపేవాడు కాదు. ఆవిడ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది.

"కండక్టరు లేందే బండి కదలదు," అన్నాడు హెల్మెట్ లోంచి. "ఒకసారి వీపు మీద తడితే ఆపుతా. రెండుసార్లు తడితే రైట్ రైట్."

ఆవిడ రెండుసార్లు తట్టింది. బండి కదిలింది. ఆవిడ ఒళ్ళంతా నవ్వే.

ఆ ప్రయాణం సంగతి చెప్పాలంటే, బస్సు నడిపిన చేతులకు స్కూటరు ఎక్కడ ఆనుతుంది? మలుపొస్తే చాలు, వెనక నలభై అడుగుల పొడుగు ఉన్నట్టు అటు చివరిదాకా వెళ్ళి మరీ తిప్పేవాడు. మూడో వీధి మలుపులో అలా తిప్పి ఎవరిదో పూలకుండీల పక్కకు పోయాడు. వెనక్కి రావాలంటే, దిగి "రానీ, రానీ, ఇంకా రానీ" అని ఆవిడ అనేదాకా కదల్లేదు. అన్నిటికన్నా విడ్డూరం, ఆయనకు సొంత ఊళ్ళో దారులు తెలియవు! నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఏ వంతెన దగ్గర గుంట ఉందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి, పోస్టాఫీసు దగ్గర దారి తప్పాడు. ఇరవై ఆరేళ్ళలో ఈ ఊరిని పగటివేళ ఎన్నడు చూశాడు గనక?

దారి చెప్పింది ఆవిడే. ఆవిడకు ఊరంతా కొలతల్లో తెలుసు. "ఇక్కడ ఎడమకు. ఆ నీలం గేటు ఇంట్లో అక్కకు నడుము ఇరవై నాలుగు, తమ్ముడిది ఇరవై రెండు. మూడేళ్ళ నుంచి వాడు పెరగడం లేదు, వాళ్ళమ్మకు ఒకటే దిగులు. ఆ మేడ ఇంటిపిల్లకు ఒక చెయ్యి అర అంగుళం పొడుగు. ఎవరికీ చెప్పలేదు, అలాగే కుట్టి ఇస్తా." ఆయన ఔరా అంటూ విన్నాడు. "అయితే ఈ ఊరికి నువ్వే డ్రైవరువన్నమాట," అన్నాడు. ఆ మాటకు ఆవిడ రోజంతా పొంగిపోయింది.

నీళ్ళ ట్యాంకు కింద నీడలో కూర్చుని టీ తాగారు. పైనుంచి చుక్కలు కారుతుంటే, "జలపాతం," అన్నాడాయన. "ఫొటో తీయించుకుందామా?" అంది ఆవిడ. ఫోను ముందుకు పట్టుకుని తీస్తే ఇద్దరి నుదుళ్ళూ, ట్యాంకు కాళ్ళూ పడ్డాయి. కూతురికి పంపారు. వెంటనే ఫోనొచ్చింది.

"అమ్మా, ఎక్కడున్నారే మీరు?"

"మీ నాన్న నన్ను తిప్పుతున్నారే!"

"ఎక్కడికి?"

"నీళ్ళ ట్యాంకుకి. రేపు రైలుగేటు. ఎల్లుండి మూసేసిన సినిమాహాలు."

అవతల కూతురు, అల్లుడు ఒకటే నవ్వు. "అత్తయ్యగారూ, మాకూ రెండు సీట్లు ఆపండి," అని అల్లుడు అరిచాడు.

అలా రోజుకో సర్వీసు. రైళ్ళు రాని రైలుగేటు దగ్గర పట్టాల మీద నడిచారు, పందెం వేసుకుని. సినిమాహాలు ముందు చిరిగిన పోస్టరులో సగం బొమ్మ చూసి మిగతా సగం కథ ఆయన చెప్పాడు, ఆవిడ ఒప్పుకోలేదు. చెరువు గట్టున కూర్చుని లేత ఎండ కాచుకున్నారు. వంటింటి తలుపు మీద పదకొండు సర్వీసులు పడ్డాయి. ఇలాంటి వేసవి తన జాతకంలో ఉందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. పళ్ళు తోముకుంటూ పాడుకునేది, బట్టలు ఆరేస్తూ గెంతేది. అత్తగారు బతికుంటే, పిల్లకు గాలి సోకిందనేది.

పన్నెండో సర్వీసు డిపోకి. అది మంగళవారం. ఆయనకు తన బస్సును చూడాలనిపించింది. డిపో గేటు దగ్గర కాపలా ఉండే తాతకూ మెకానిక్కుకూ ఇవ్వడానికి ఆవిడ నాలుగు మాస్కులు తీసుకుంది. డిపో ముందు స్కూటరు ఆపి, ఇంజను మాత్రం ఆపకుండా, ఆయన గోడమీదుగా చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఆయన బస్సు దుమ్ము కొట్టుకుపోయి, టైర్ల చుట్టూ గడ్డి మొలిచి నిలబడి ఉంది. ఆవిడ దిగి, ఆయనకు చెప్పే గేటు దాకా వెళ్ళింది. బస్సు చూస్తున్న మనిషికి ఏం వినపడుతుంది?

అదే సమయానికి లోపల మెకానిక్కు ఏదో సరిచూసుకుంటూ బస్సు ఒంటి మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. ధన్, ధన్.

ఎక్స్‌ప్రెస్ గేరు వేశాడు. బండి కదిలింది.

"ఏవండీ! ఏవండోయ్!" అని ఆవిడ మాస్కులు ఊపుతూ పరుగెత్తింది. హెల్మెట్ లోకి పిలుపు దూరలేదు. స్కూటరు నలభై అడుగుల బండిలా ఠీవిగా, వెడల్పుగా మలుపు తిరిగి మాయమైంది. ఆవిడ రోడ్డు మధ్యలో నిలబడి నడుం పట్టుకుని నవ్వింది. గేటు తాత కుర్చీలోంచి లేచొచ్చి, పళ్ళు లేని నోటితో ఆయనా నవ్వాడు.

"ఎక్స్‌ప్రెస్ కదమ్మా, పెళ్ళాం ఎక్కిందా లేదా చూసుకోడు," అన్నాడు. "ఇంతకీ కాగితం రాసేశాడా?"

"ఏం కాగితం?"

"చెప్పలేదూ? వచ్చేవారం నుంచి బస్సులు తిరుగుతాయటగా. జనం తగ్గారని డ్రైవర్లందరినీ అడుగుతున్నారు. రాత్రి బస్సు కావాలో, టౌను బస్సు కావాలో శనివారం తొమ్మిదిలోపు రాసిమ్మన్నారు. ఒకసారి రాస్తే మళ్ళీ మార్చరట. నీ మొగుడి సంగతి అడగడమెందుకులే. టౌను బస్సు పేరెత్తితేనే కొట్టేట్టు చూస్తాడు."

"ఆఁ, చెప్పారు చెప్పారు," అంది ఆవిడ. చేతిలో మాస్కులు తాతకిచ్చి, గోడనీడన నిలబడింది. ఇందాకటి నవ్వు ఎటు పోయిందో. బస్సు పిలిస్తే ఇలాగే వెళ్ళిపోతాడు కదా, వెనక నేనున్నానో లేదో కూడా చూడకుండా అనిపించింది. మళ్ళీ నల్ల కర్టెన్. మళ్ళీ గుర్రు. అద్దంలో ఎవరూ రారు. "పోవద్దండీ" అని ఒక్క మాట అంటే చాలేమో. కానీ తెల్లవారుజామున ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోవడం ఆవిడ చూసింది. ఆ మొహానికి బ్రేకు వెయ్యడానికి ఆవిడకు మనసు రాలేదు.

ఇరవై నిమిషాలకు స్కూటరు తిరిగొచ్చింది. హెల్మెట్ తీస్తే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు లేవు!" అన్నాడు.

"ఆ సంగతి నాకు తెలుసండీ."

"రైలుగేటు దాకా వెళ్ళిపోయాను. ఎక్కడైనా పడిపోయావేమోనని ప్రతి గుంటలోనూ చూసుకుంటూ వచ్చాను." కాస్త ఆగి, అదోలా అడిగాడు. "అయితే నువ్వేమీ వినలేదన్నమాట?"

తాత మాటల గురించి అడుగుతున్నాడనుకుంది. "నేనేం వినలేదు," అంది. ఆయన తల ఊపి స్కూటరు వైపు తిరిగాడు.

ఆ మర్నాటి నుంచి తలుపు మీద కొత్త సర్వీసు పడలేదు. ఇద్దరూ ఒకరికొకరు చుట్టాలైనట్టు మర్యాదగా మాట్లాడుకున్నారు. ఆయన కాగితం మాట ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని ఆవిడ అడగలేదు. గురువారం ఆవిడ నల్ల కర్టెన్ ఉతికి ఆరేసింది. శుక్రవారం మిషను ముందు కూర్చుని దాని చిరుగులు కుట్టసాగింది. నిద్రకు లోటు లేకుండా చూడాలిగా, అంతకన్నా తను చెయ్యగలిగిందేముంది? కుడుతున్నంతసేపూ ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆనక వెళ్ళిపోయాడు.

శనివారం ఏడింటికే ఆయన బయల్దేరాడు. "డిపో దాకా వెళ్ళొస్తా," అన్నాడు. ఆవిడను రమ్మనలేదు. ఆవిడ పప్పు కడిగి కుక్కర్ పొయ్యి మీద పెట్టి, పాత అలవాటు మళ్ళీ నేర్చుకోవాలి కదా అని పక్కనే నిలబడింది. కూత వచ్చేలోపు కట్టెయ్యాలి.

గుండ్రటి అద్దంలో ఆయన కనపడ్డాడు. చేతిలో పొట్లం.

"రెండు చొక్కాలు కుట్టాలోయ్," అని బల్ల మీద పెట్టాడు.

ఖాకీయే కదా అనుకుంటూ విప్పింది. లేత నీలం గుడ్డ. ఐస్‌క్రీం రంగు.

ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"కాగితం ఇంకా ఇవ్వలేదు," అన్నాడాయన, జేబు తడుముకుంటూ. "తొమ్మిది దాకా టైముంది. డిపో దాకా వెళ్ళి, గుడ్డ తీసుకుని, వెనక్కి వచ్చాను. నువ్వు వద్దంటే దీంతో సంచులు కుట్టుకో."

"నన్ను అడిగితేగా వద్దనడానికి!"

"మంగళవారమే అడిగాను. నువ్వు పలకలేదు."

"ఎప్పుడడిగారండీ?"

"స్కూటరు మీద. డిపో నుంచి బయల్దేరాక." ఆయన నేల చూపులు చూస్తూ చెప్పుకొచ్చాడు. "ఎదురుగా అడగడానికి నోరు రాలేదు. బండి మీదైతే మొహాలు చూసుకోనక్కర్లేదు కదా అని, అప్పుడు ధైర్యం చేశా. ఎక్స్‌ప్రెస్ గాడు ఇక చాలనుకుంటున్నాడోయ్, టౌను బస్సు తీసుకుంటే సాయంత్రానికల్లా ఇల్లు చేరతా, పగలు నిద్రపోను, నిన్ను చూస్తా అన్నాను. నీకు సరేనంటే రెండుసార్లు తట్టు, నా గోల భరించలేనంటే ఒకసారి తట్టు అన్నాను. నువ్వు అసలు తట్టనేలేదు. ఆలోచించుకుంటోంది, తొందరపెట్టకూడదనుకుని మెల్లగా నడిపా. రైలుగేటు దాకా ఆ తట్టు కోసమే చూశా. ఇక ఉండబట్టలేక తిరిగి చూస్తే, నువ్వే లేవు."

ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందు రావాలో తేలక రెండూ కలిసి వచ్చాయి. "మళ్ళీ ఒకసారి అడగొచ్చుగా మహానుభావా!"

"ఏమని అడగను? మొగుడు ఇంట్లో ఉంటే తలప్రాణం తోకకొస్తోందని ఎదురింటావిడతో అన్నావు. నిన్న చూస్తే కర్టెన్ కుడుతూ కూర్చున్నావు. నన్ను మళ్ళీ దాని వెనక్కి పంపెయ్యడానికే కదా అనుకున్నా."

"సిగ్గేసి అన్నానండీ ఆ మాట! కర్టెనేమో మీరు వెళ్ళిపోతారని కుట్టాను. కుట్టినంతసేపూ ఏడ్చాను. ఆ దారం ఇప్పటికీ తడిగా ఉంటుంది, చూసుకోండి!" అని కళ్ళు తుడుచుకుంది. మెడలోంచి టేపు లాగింది. "అటు తిరగండి."

ఆయన బుద్ధిగా గోడవైపు తిరిగాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయనకు ఎన్ని ఖాకీ చొక్కాలు కుట్టినా, పాత చొక్కా కొలత చూసి కుట్టడమే. నిద్రపోయే మనిషికి కొలతలు ఎలా తీస్తారు? ఊరందరి నడుములూ నోటికొచ్చిన ఆవిడకు మొగుడి భుజాల వెడల్పు తెలియదు. టేపు పరిచింది. పద్దెనిమిదిన్నర. ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉంది, గేరు చెయ్యి అది. ఆ భుజం మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

ఆవిడ వీపు మీద ఒకసారి తట్టింది.

ఆయన భుజాలు వాలిపోయాయి. ఏడిపించడానికి ఆవిడ ఓ క్షణం ఆగింది. ఆ క్షణం ఆవిడ వల్లే కాలేదు. రెండోసారి తట్టింది.

అప్పుడే కుక్కర్ ఇల్లెగిరిపోయేలా కూత పెట్టింది. ఆవిడ పరుగెత్తలేదు. ఆయన కుడికాలు మాత్రం దబ్బున నేలను తొక్కింది.

నవ్వులయ్యేసరికి ఎనిమిదిన్నర. పొయ్యి కట్టేసి, ఆకుపచ్చ గళ్ళ మాస్కులు రెండు కట్టుకుని ఇద్దరూ బయటికొచ్చారు. కాగితం ఇచ్చి రావాలి. స్కూటరు పన్నెండో తన్నుకు స్టార్టయింది. ఆవిడ ఎక్కి కూర్చుని రెండుసార్లు తట్టింది. అయినా బండి కదల్లేదు. ఆయన హెల్మెట్ పైకెత్తి, మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుని, ఆ తరవాత గేరు వేశాడు.